దోమతెరోడి రెండో భాగం

ఇంగ్లీషు దయ్యాల సినిమాలంటే నాకు ప్రత్యేకమైన ప్రేమ ఏమీ లేదు. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నన్ను ఆ సినిమాల పిచ్చిదానిగానే గుర్తుపెట్టుకున్నారు. నేను వాటిని చూసింది బస్సు కోసం.

బందరులో డిగ్రీ చదివే రోజులవి. మా ఊరు చల్లపల్లికి మూడు కిలోమీటర్లు. పొద్దున్నే నాన్న స్కూటరు మీద తీసుకెళ్ళి చల్లపల్లి స్టాండులో దింపేవారు. అక్కడ బస్సెక్కి బందరు వెళ్ళేదాన్ని. తిరుగు ప్రయాణం సాయంత్రం ఐదింటి కోడూరు బస్సులో. అది చల్లపల్లిలో ఆగేసరికి నాన్న స్కూటరు పక్కన నిలబడి ఉండేవారు. ఆ బస్సులోంచి నేను దిగకపోతే ఏమవుతుందో ఎప్పుడూ పరీక్షించి చూడలేదు, చూడాలన్న ధైర్యమూ లేదు. మధ్యాహ్నం రెండు పీరియడ్లు ఎగ్గొట్టి మ్యాట్నీకి వెళ్తే తెలుగు సినిమా ఐదున్నరకి గానీ వదలదు. మూడు గంటల సినిమా, అందులో ఆరు పాటలు, ఒక్క పాట ముందే లేచొచ్చినా బస్సు అందదు. ఇంగ్లీషు సినిమా గంటన్నర. ఇంటర్వెల్, సబ్బుల ప్రకటనలు కలిపినా నాలుగుంబావుకల్లా బయటపడొచ్చు. కాబట్టి నాకూ, నా క్లాసులో మరో ముగ్గురికీ వీలుపడే సినిమాలంటే తెలుగులోకి డబ్బింగ్ చేసిన ఇంగ్లీషువే. బందరు వచ్చేవాటిలో సగం కొట్టుకునేవి, సగం దయ్యాలవి. కొట్టుకునేవాటికి ఆడపిల్లలు వెళ్తే గేటు దగ్గర ఒకలా చూస్తారని దయ్యాలకి స్థిరపడ్డాం.

నేనసలు బందరులో చదవడమే పెద్ద గొడవ మీద జరిగింది. మా మేనత్త మొవ్వలో ఉండేది. నాన్నకి అక్క, చిన్నప్పుడు ఆయన్ని ఎత్తుకుని పెంచిన మనిషి. ఆవిడ ఒక మాటంటే నాన్న రెండో మాట అనేవారు కాదు, నా చదువు విషయంలో తప్ప. ఆడపిల్లని రోజూ బస్సెక్కించి అంత దూరం పంపుతావా, అక్కడ అది ఏం చేస్తుందో చూసేదెవరు అని అత్తయ్య మా అరుగు మీద కూర్చుని నిలదీసింది. దానికి నాన్న, నా కూతురు కాలేజీకి వెళ్తుంది, ఇంటికి వస్తుంది, మధ్యలో ఇంకో చోటు ఉండదు, తేడా వచ్చిందని నువ్వు వేలెత్తి చూపించిన రోజున నేనే మాన్పించేస్తాను అన్నారు. అత్తయ్య సరేనని మజ్జిగ తాగి వెళ్ళిపోయింది. నాన్న మాటిస్తే మాటే. ఆ అరుగు మీది మాట నా పుస్తకాల సంచిలో రెండేళ్ళు బరువుగానే ఉంది. అయినా సినిమాలకి వెళ్ళాను. పంతొమ్మిదేళ్ళ వయసులో బుద్ధి ఒక దారి, కాళ్ళు ఒక దారి.

మొదటి భాగం నేను ఫస్టియర్లో ఉండగా వచ్చింది. ఐదుగురు కాలేజీ పిల్లలు సెలవులకి సరస్సు పక్కన ఒక ఇంటికి వెళ్తారు. అక్కడ తేనెటీగలు పెంచేవాడొకడు ఉంటాడు, వాడికేదో పాత పగ. టోపీ చుట్టూ వల వేలాడేసుకుని వచ్చి ఒక్కొక్కర్నీ చంపుతాడు. హాల్లో మొదటి ఆటకే వాడికి దోమతెరోడు అని పేరు పడిపోయింది. బందరులో పొద్దుగూకితే ప్రతి మంచానికీ ఉండేది అదే కదా. చివర్లో వాడు సరస్సులో మునిగిపోతాడు, మిగిలిన ఒక్క అమ్మాయీ ఒడ్డున కూర్చుని ఏడుస్తుంది. హమ్మయ్య, అయిపోయింది అనుకుని చెప్పులు వెతుక్కుంటుంటే నీళ్ళలో ఒక బుడగ లేస్తుంది. ఆ బుడగే రెండో భాగం.

అది సెకండియర్లో వచ్చింది. సరస్సు పోయి మంచుకొండ మీద హోటలు వచ్చింది. ఐదుగురు కాస్తా తొమ్మిది మంది అయ్యారు. మిగతాదంతా అదే. ఫోను పనిచేయదు. కారు స్టార్టవదు. ముందు ముద్దుపెట్టుకున్న జంట ముందు పోతుంది. చప్పుడొచ్చిన గదిలోకి ఎవరో ఒకరు ఒంటరిగా వెళ్తారు, స్విచ్చి పక్కనే ఉన్నా లైటు మాత్రం వేయరు. పైగా డబ్బింగ్ తెలుగు. "మిత్రమా, ఈ నేలమాళిగలో ఏదో అశుభం పొంచి ఉన్నట్లు నాకు తోచుచున్నది" అని జీన్ ప్యాంటు కుర్రాడు అంటుంటే నవ్వాపుకోలేక ముందు సీటు పట్టుకుని ఊగిపోయాం. ఎవరి తర్వాత ఎవరు పోతారో ఇంటర్వెల్లోపే వరసగా చెప్పేశాను. ఎనిమిదిలో ఏడు సరిపోయాయి. ఒకడికి మాత్రం డైరెక్టరు అనవసరంగా రెండు సీన్లు ఎక్కువిచ్చాడు.

బయటికొస్తే గేటు దగ్గర కెమెరా. బందరు లోకల్ ఛానెల్ వాళ్ళు ప్రతి శుక్రవారం మ్యాట్నీ వదిలే వేళకి ఏదో ఒక హాలు ముందు నిలబడి ప్రేక్షకుల అభిప్రాయాలు పట్టుకునేవారు. మైకు పట్టుకున్నాయనకి నలభై ఏళ్ళుంటాయి, నీలం చొక్కా, మైకుకి ఎర్ర స్పాంజి. అందరినీ రెండే ప్రశ్నలు అడుగుతున్నాడు: సినిమా ఎలా ఉంది, మొదటి భాగం బాగుందా ఇది బాగుందా. ఒక పెద్దాయన దాంట్లో నలుగురే పోయారు, దీంట్లో ఎనిమిది మంది పోయారు కాబట్టి ఇది రెండింతలు బాగుందన్నాడు. కొత్తగా పెళ్ళయిన జంటలో ఆ అబ్బాయి గ్రాఫిక్స్ గురించి ఏదో చెప్పాడు. అమ్మాయి, తను మొదట్నుంచీ కళ్ళు మూసుకునే ఉన్నానని, అలా చూస్తే చాలా బాగుందని చెప్పింది. గిలకలదిండి నుంచి చేపలు తెచ్చి అమ్ముకుని, గంప ఖాళీ అయ్యాక ఫ్యాను కింద కూర్చోవడానికి వచ్చిన ఒకామె మాత్రం మైకు కేసి సూటిగా చూసింది.

"నీళ్ళలో పోయినోళ్ళు అట్టా లేచి రారండి. ఉప్పెనప్పుడు చూశాంగా. రారు," అంది.

మైకాయన ఆమెని రెండో ప్రశ్న అడగలేదు. మైకు నావైపు తిప్పాడు.

వక్తృత్వ పోటీల్లో కప్పులు కొట్టిన దాన్ని. మైకు కనపడితే నా నోరు నా మాట వినదు. బందరు కేబుల్ బందరు దాటదన్న ధీమా ఒకటి. పైట సర్దుకుని, గొంతు సవరించుకుని, పుస్తకాలు గుండెలకి హత్తుకుని మొదలుపెట్టాను. ఈ భాగంలో కొత్తదనం లేదండి అన్నాను. మొదటి భాగమే బాగుందన్నాను. అది కూడా ఇదే హాల్లో, ఇదే మ్యాట్నీ, ఇదే బాల్కనీ మూడో వరసలో కూర్చుని చూశానన్నాను. దర్శకుడు మూడో భాగం తీస్తే కథ మీద శ్రద్ధ పెట్టాలని, తీస్తే తప్పకుండా వచ్చి చూస్తానని కూడా చెప్పాను. పాత నేరం, కొత్త నేరం, చేయబోయే నేరం మూడూ ఒక్క నిమిషంలో, ఎవరూ కొట్టకుండా తిట్టకుండా, నా అంతట నేనే ఒప్పేసుకున్నాను. మైకాయన చాలా స్పష్టంగా చెప్పావమ్మా అని మెచ్చుకున్నాడు. స్నేహితురాళ్ళు ముగ్గురూ తెలివైనవాళ్ళు. అప్పటికే గేటు చాటుకి వెళ్ళిపోయారు.

ఐదింటి బస్సులో ముందు సీటు దొరికింది. బస్సు కదలబోతుండగా నీలం చొక్కా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి, న్యూస్ పేపర్లో చుట్టి దారం కట్టిన పొట్లమొకటి కిటికీలోంచి డ్రైవరు చేతికిచ్చాడు. వీడియో కేసెట్టు సైజు అందరికీ తెలిసిందే. చల్లపల్లి స్టాండులో కేబులాయన వస్తాడు, ఆయనకివ్వండి, కాపీ తీసుకుని అవనిగడ్డకీ కోడూరుకీ ఆయనే పంపిస్తాడు అని చెప్పి, నన్ను చూసి గుర్తుపట్టి నవ్వాడు.

"మీది బాగా వచ్చిందమ్మా. మీ దివిసీమ వాళ్ళు కూడా చూస్తార్లే," అన్నాడు.

రెండేళ్ళుగా అదే బస్సులో తిరుగుతున్నాను. ప్రతి శుక్రవారం డ్రైవరు పక్కన ఇంజను బానెట్ మీద పేపరు పొట్లం చూస్తూనే ఉన్నాను. అది ఎవరికో మందులనుకున్నాను. మా ఇంట్లో రోజూ రాత్రి ఏడున్నరకి వచ్చే స్థానిక వార్తలూ, వాటి తర్వాత వచ్చే అభిప్రాయాలూ ఆ బానెట్ మీద కూర్చునే బందరు నుంచి వస్తున్నాయన్న ఆలోచనే రాలేదు. మంచుకొండ మీద పిల్లలకి బుర్ర లేదని నవ్వి గంట కూడా కాలేదు. చల్లపల్లి దాకా ఆ పొట్లం మీదనుంచి కళ్ళు తిప్పలేదు. బస్సు కుదిపినప్పుడల్లా అది అంచుదాకా జరిగేది, డ్రైవరు చేత్తో వెనక్కి తోసేవాడు.

స్టాండులో కేబులాయన, నాన్న పక్కపక్కనే నిలబడి మాట్లాడుకుంటున్నారు. నాన్న ఆయన్ని బావా అంటారు, నేను మావయ్యా అంటాను, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. ఆయన నా కళ్ళముందే పొట్లం అందుకుని చంకలో పెట్టుకుని, ఏమ్మా కాలేజీ అయిందా అనడిగాడు. ఆ ముక్క కత్తిరించు మావయ్యా అనాలంటే అందులో ఏముందో చెప్పాలి. అయిందని తలూపి స్కూటరెక్కాను.

కొత్త కేసెట్టు శనివారం మొదలై వారమంతా తిరుగుతుంది. మధ్యాహ్నం రెండింటికోసారి, రాత్రి ఏడున్నరకోసారి. శనివారం సాయంత్రం నేను చదువుతున్నట్టు పుస్తకం పట్టుకుని, దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాను. నాన్న పడక్కుర్చీ లాక్కుని టీవీ పెట్టారు. తెరంతా చుక్కలు. తట్టారు, కొట్టారు, బయటికి వెళ్ళి స్తంభం మీద వైరు చూసొచ్చారు. కేబుల్ పోయిందన్నారు. ఆదివారం అదే. సోమవారం అదే. దేవుడికి నా మీద ఇంత దయ ఉందని అంతకుముందు తెలియదు. అమ్మ మాత్రం వంటింట్లోంచి, కేబులాయనకి కబురు పంపించానండీ, వస్తానన్నాడు అని రోజూ ఒకే మాట చెప్పేది.

మంగళవారం పాల కేంద్రం నుంచి నాన్న వెలిగిపోతున్న మొహంతో వచ్చారు. అక్కడెవరో, మీ అమ్మాయి టీవీలో భలే మాట్లాడిందండీ, ఎక్కడా తడుముకోలేదు అన్నాడట. దేని గురించని నాన్న అడగలేదు. ఆయనకి ఆ అవసరం కనపడలేదు.

"వక్తృత్వ పోటీయేనా అమ్మా? ఇంట్లో చెప్పలేదేం?" అన్నారు.

అవునన్నాను. అంతకు ముందు దాచాను గానీ ఆయన మొహం చూస్తూ అబద్ధం చెప్పడం అదే మొదలు. నాన్న తిన్నగా ఫోను దగ్గరికి వెళ్ళి మొవ్వకి కలిపారు. అక్కయ్యా, మనమ్మాయి టీవీలో వస్తోంది, శనివారం వచ్చెయ్యి, అందరం కలిసి చూద్దాం అన్నారు. బందరు పంపొద్దన్నావుగా, పంపితే ఏం నేర్చుకుందో నీ కళ్ళతోనే చూద్దువుగాని అని కూడా అన్నారు. ఆ రెండేళ్ళలో నాన్న అత్తయ్యతో అంత గొంతెత్తి మాట్లాడటం నేను వినలేదు. ఫోను పెట్టేసి, చల్లపల్లి వెళ్ళి కేబులాయనని కలిసొచ్చారు. శనివారం సాయంత్రం వచ్చి వైరు బాగుచేస్తానని, వారం మారి కొత్త కేసెట్టు వచ్చినా సరే ముందు మనమ్మాయి ముక్క ప్రత్యేకంగా వేస్తానని ఆయన మాటిచ్చాడట. ఒక మనిషి తన ఉరితాడు తనే పేనుకోవడం సినిమాల్లో చూశాను. నాన్న చేత పేనిస్తున్నది నేను. నా చదువు పోతుందన్న భయం ఒకెత్తు. అక్క ముందు ఆయన తల ఎలా వాలిపోతుందో తలచుకుంటే అన్నం దిగేది కాదు.

గురువారం పొద్దున అమ్మ నాకు జడ వేస్తోంది. సగం అల్లాక, తల కదపకుండా కూర్చోమని చెప్పి అడిగింది.

"ఆ సినిమా ఇంకా ఉందా, ఎత్తేశారా?"

ఏ సినిమా అన్నాను. దోమతెరోడిదే అంది అమ్మ. వెనక నిలబడి ఉంది కాబట్టి ఆవిడ మొహం నాకు కనపడటం లేదు, జడ పాయలు మాత్రం ఎప్పటిలాగే బిగుతుగా పడుతున్నాయి. శనివారం రెండింటికి పని ముగించుకుని టీవీ పెట్టుకుంటే నేను కనపడ్డానట. ఆ తర్వాత రోజూ రెండింటికి చూస్తోందట, సాయంత్రం ఏడింటికల్లా టీవీ వెనక వైరు పీకి, పొద్దున మళ్ళీ పెడుతోందట. ఐదు రోజుల్లో అందరి అభిప్రాయాలూ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. పెద్దాయన రెండింతల లెక్కా, కళ్ళు మూసుకున్న పెళ్ళికూతురూ అన్నీ చెప్పింది. అమ్మది కోడూరు వైపు, ఉప్పెన ముంచిన ఊళ్ళు అవి. చేపలమ్మే ఆమె దగ్గరికొచ్చేసరికి, పాపం ఆవిడొక్కతే నిజం చెప్పింది అని ఊరుకుంది.

నాకు ఏడుపొచ్చేసింది. నీళ్ళు ధారగా కారుతుంటే ముక్కు ఎగబీల్చుకుంటూ, నాన్నకి చెప్పేస్తానన్నాను. అమ్మ జడ చివర రిబ్బను బిగించి నా తల మీద చిన్నగా మొట్టింది.

"ఏడుపెందుకే. రేపు నేనూ వస్తాను. మ్యాట్నీ ఎన్నింటికి?"

కళ్ళజోడు మార్పించుకోవాలని నాన్నకి చెప్పింది. నాలుగేళ్ళుగా ఆ కళ్ళజోడు ఎప్పుడు మార్పించుకుంటావని నాన్నే పోరుతున్నారు కాబట్టి అనుమానం రాలేదు. శుక్రవారం ఇద్దరం కలిసి బందరు వెళ్ళాం. నేను రెండు క్లాసులు వినొచ్చేదాకా అమ్మ కళ్ళజోడు షాపులో కూర్చుంది. తర్వాత స్టీలు డబ్బాలో జంతికలు, సీసాలో నీళ్ళు పట్టుకుని, పేరంటానికి వచ్చినట్టు హుందాగా బాల్కనీ మెట్లెక్కింది. మూడో వరస ఏది అని అడిగి మరీ అక్కడే కూర్చుంది.

అమ్మతో కలిసి దయ్యాల సినిమా చూడటమంత కష్టం ఇంకోటి లేదు. తెర మీద పిల్లలు ఆవిడ సొంత పిల్లలైపోయారు. ఒకమ్మాయి చీకటి గదిలోకి వెళ్తుంటే, లైటు వేసుకోవే తల్లీ అని పైకే అనేసింది. బాల్కనీ అంతా నవ్వింది. మంచులో చొక్కా లేకుండా తిరిగే కుర్రాడికి జలుబు చేస్తుందని బెంగపడింది. ముద్దు సీనొచ్చినప్పుడు డబ్బా మూత తీసి జంతికలు నా చేతిలో పోసింది. దోమతెరోడు వచ్చినప్పుడల్లా మాత్రం నా మణికట్టు పట్టుకునేది. ఇంటర్వెల్ తర్వాత ఆ చెయ్యి ఇక వదల్లేదు. నేను ఎవరు పోతారో చెప్పబోతే, చెప్పకు, వాళ్ళకి నీ వయసే కదా అంది. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు. అంతకు ముందు వారం ఆ ఎనిమిది మందినీ వేళ్ళు మడిచి లెక్కపెట్టానని గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆ వారం కొత్త సినిమా ఏదీ రాలేదు. నీలం చొక్కా ఆయన అదే గేటు దగ్గర, రెండో వారంలో అభిప్రాయాలంటూ నిలబడ్డాడు. నేను పక్కకి లాగబోయాను. అమ్మ నా చెయ్యి విడిపించుకుని తనే మైకు ముందుకి వెళ్ళి నిలబడింది. కొత్త కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. సినిమా ఎలా ఉందమ్మా అన్నాడాయన.

"మా అమ్మాయీ నేనూ కలిసి వచ్చామండి. పోయిన వారమూ కలిసే చూశాం. అది మాట్లాడినప్పుడు నేను పక్కనే ఉన్నాను, సిగ్గేసి కెమెరాలోకి రాలేదు. మొదటిది కూడా కలిసే చూశాం," అంది.

అన్నీ అబద్ధాలే. గుళ్ళో గోత్రం చెప్పినంత నెమ్మదిగా చెప్పింది. మొదటి భాగం బాగుందా, ఇది బాగుందా అని ఆయన రెండో ప్రశ్న వేశాడు. అమ్మ కొంచెం ఆలోచించింది. ఈసారి చెప్పింది అబద్ధం కాదని గొంతులోనే తెలిసిపోయింది.

"సినిమా అంతట్లో ఒక్క అమ్మా నాన్నా కనపడలేదండి. అంతమంది పిల్లలు పోతే, మా పిల్ల ఎక్కడుందని ఒక్క ఫోను రాలేదు. ఒక్కళ్ళు వెతుక్కుంటూ రాలేదు. నాకు దోమతెరోడి కంటే అదే భయమేసింది."

ఆ సాయంత్రం బస్సులో బానెట్ మీద పేపరు పొట్లం మళ్ళీ మాతోపాటే ప్రయాణం చేసింది. అమ్మ దాన్ని చూసి, అదేనా అంది. అదేనన్నాను. చల్లపల్లి వచ్చేదాకా హాయిగా నిద్రపోయింది.

శనివారం అత్తయ్య మధ్యాహ్నం బస్సుకే దిగింది. ఏడింటికి కేబులాయన వచ్చి వెనక వైరు చూసి, ఇది ఊడిందంతే అన్నాడు. అమ్మ ఏమీ ఎరగనట్టు ఆయనకి టీ ఇచ్చింది. నాన్న అత్తయ్యని పడక్కుర్చీలో కూర్చోబెట్టి, తను కింద చాప మీద కూర్చున్నారు. ఏడున్నరకి నేను వచ్చాను. ఒక పెద్ద దోమతెరోడి పోస్టరు, దాని ముందు పుస్తకాలు హత్తుకుని నేను. ఇదే హాలు, ఇదే మ్యాట్నీ, మూడో వరస, మూడో భాగం. నేనంత గట్టిగా మాట్లాడతానని నాకు తెలియదు. నాన్న వీపే నాకు కనపడుతోంది. ఆ వీపు మెల్లిగా బిగుసుకుంది. అత్తయ్య తమ్ముడి వైపు తిరిగి నోరు తెరవబోయింది. ఆ లోపు నా ముక్క అయిపోయి, ఈ వారం అభిప్రాయాల్లో తెర మీదికి అమ్మ వచ్చింది.

అమ్మ మాటలు అయిపోయి నూనె ప్రకటన వచ్చింది. నాన్న తల తిప్పి అమ్మ వైపు చూశారు. నేను మైకు ముందు మాట్లాడిన ఆ శుక్రవారం పొద్దుటి నుంచీ సాయంత్రం దాకా ఆయనా అమ్మా కలిసి మా దొడ్లో మినుములు ఎండబోశారు. ఆవిడ బందరులో లేదని ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసింది ఆయనకే.

"ఏరా, ఇదంతా నీకు తెలిసే జరుగుతోందా?" అంది అత్తయ్య.

నాన్న చెవులు ఎర్రబడ్డాయి. చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పిన అక్క ముందు ఆయన ఏనాడూ బొంకలేదు. చాప అంచు వేళ్ళతో సర్దుతూ చెప్పారు.

"తెలుసక్కయ్యా. నేనే వెళ్ళమన్నాను."

అత్తయ్య తమ్ముణ్ణి చాలాసేపు చూసింది. నమ్మిందని నేననుకోను. కానీ తమ్ముడు ఆ మాటన్నాక ఎత్తి చూపడానికి ఆవిడకి వేలు మిగల్లేదు. కాసేపటికి, ఇంతకీ ఆ మొహానికేంటిరా అలా కట్టుకున్నాడు, దోమలా అనడిగింది. అమ్మ అన్నాలు వడ్డించింది.

నాన్న నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. స్టాండుకి తీసుకెళ్ళడం మానలేదు, సాయంత్రం స్కూటరు పక్కన నిలబడటం మానలేదు. మాట మాత్రం లేదు. కొట్టి ఉంటే బాగుండేదనిపించేది. ఐదోరోజు పొద్దున బస్సు కోసం చూస్తూ, నా వైపు తిరక్కుండానే, మొదటి భాగం ఎప్పుడు చూశావని అడిగారు. అన్నీ చెప్పేశాను. వక్తృత్వ పోటీ అని ఎందుకన్నానో కూడా చెప్పాను. నన్ను నలుగురిలో మెచ్చుకున్నారని మీరు అంత సంతోషపడుతుంటే నోరు రాలేదు నాన్నా అన్నాను. ఆయన హ్యాండిల్ మీద లేని దుమ్ము తుడిచారు.

"నలుగురూ మెచ్చుకున్నది నిజమేగా. బాగానే మాట్లాడావు," అన్నారు. బస్సు వచ్చింది. నేను మెట్టెక్కాక వెనకనుంచి ఇంకో మాట వినపడింది. "వెళ్ళాలనుంటే వెళ్ళు. చెప్పి వెళ్ళు."

చెప్పి వెళ్ళడం మొదలుపెట్టాక సినిమాలకి వెళ్ళడం తగ్గిపోయింది. అదేం చిత్రమో.

మూడో భాగం ఇంకో రెండేళ్ళకి వచ్చింది. అప్పటికి నేను గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి హాస్టల్లో ఉంటున్నాను. అక్కడ నన్ను అడిగేవాళ్ళు లేరు, ఐదింటి బస్సూ లేదు. ఆదివారం హాలు పక్కనున్న బూత్‌లోంచి ఇంటికి ఫోను చేసి, దోమతెరోడు వచ్చాడు, మ్యాట్నీకి వెళ్తున్నానని చెప్పాను. నాన్న ఎత్తారు. ఎన్నింటికి వదులుతారు, ఎవరితో వెళ్తున్నావు అని రెండే ప్రశ్నలడిగి ఫోను అమ్మకిచ్చారు. ఈసారైనా ఆ పిల్లలకి అమ్మానాన్నలున్నారేమో చూసి చెప్పవే అంది అమ్మ.

ఈసారి వాడు ఓడలో తిరిగాడు. పదకొండు మంది పిల్లలు. నేను లెక్కపెట్టకుండా చూశాను, లైటు వెయ్యని ప్రతివాళ్ళనీ లోపల్లోపల కేకలేశాను. బయటికొస్తే గేటు దగ్గర మైకూ లేదు, కెమెరా లేదు. నా అభిప్రాయం అడిగేవాళ్ళు ఎవరూ లేరు. బూత్‌లోకి వెళ్ళి మళ్ళీ ఫోను చేశాను. మొదటి రింగుకే అమ్మ ఎత్తింది.

"ఇందులోనూ లేరమ్మా," అన్నాను.

"పోన్లే. నువ్వు బయటికొచ్చావుగా," అంది అమ్మ. ఆ పక్కనుంచి నాన్న గొంతు వినిపించింది. వచ్చేసిందా అని అడుగుతున్నారు.